పాత స్కానర్, విండోస్ 11 కంప్యూటర్: కలిసి పనిచేసేదాకా ఏం జరిగిందంటే

స్కానర్ కానన్ లైడ్ 25. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత సీపీయూతో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఫిబ్రవరి మొదటి వారంలో ఆ సీపీయూ మదర్‌బోర్డు పోయింది. 12వ తేదీన కొత్త కంప్యూటర్ వచ్చింది: విండోస్ 11, 8 జీబీ ర్యామ్. స్కానర్ మళ్లీ రోజువారీ పనికి అందేసరికి మార్చి మొదటి వారం అయింది. ఆ మధ్యలో ఏం చేస్తే ఏమైందో, ఎక్కడ డబ్బు పెట్టాల్సి వచ్చిందో, ఎక్కడ అక్కర్లేదో వరసగా రాస్తున్నాను. నల్లగొండలోనే కాదు, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు వైపు కూడా ఇలాంటి స్కానర్లు ఎన్నో బీరువాల మీద దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఏ జబ్బూ లేదు.

ఫోన్‌తో ఫొటో తీస్తే సరిపోదా అని అడుగుతారు. ఆధార్ కార్డుకైతే సరిపోతుంది. ఇంట్లో ఉన్నవి సాదాబైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రాలు), ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకళ్లు, నాలుగు మడతలు పడ్డ పాత దస్తావేజులు. మడత దగ్గర నీడ పడితే సర్వే నంబరులో 3 ఉందో 8 ఉందో తెలియదు, గుంటల లెక్క మారిపోతుంది. అద్దం మీద బోర్లా పెట్టి మూత నొక్కితే మడత సాఫవుతుంది, వెలుగు అంతటా ఒకేలా పడుతుంది. అందుకే దీన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు.

12వ తేదీ సాయంత్రం కేబుల్ పెట్టగానే విండోస్ టింగుమంది. ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఏమీ లేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిస్తే, ‘అదర్ డివైసెస్’ కింద కానోస్కాన్ అనే పేరు, పక్కన పసుపు త్రికోణం. ప్రాపర్టీస్‌లో కోడ్ 28, అంటే డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) లేదని. ఇది చెడ్డ వార్తలా కనబడుతుంది గానీ ఇందులో మంచి కబురు ఉంది: కంప్యూటర్ స్కానర్‌ని చూస్తోంది. కేబుల్ బాగుంది, స్కానర్ లోపలి బోర్డు బతికే ఉంది. అసలు పేరే రాకపోయినా, ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డిస్క్రిప్టర్ ఫెయిల్డ్’ అని వచ్చినా ముందు కేబుల్‌ని, పోర్టుని అనుమానించాలి.

అదే ప్రాపర్టీస్‌లో ‘డీటెయిల్స్’ ట్యాబ్‌కి వెళ్లి, జాబితాలోంచి ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. వీఐడీ పక్కన 04ఏ9 అని, పీఐడీ పక్కన 2220 అని కనబడింది. మొదటిది కంపెనీ నంబరు, రెండోది మోడల్ నంబరు. ఈ రెండూ కాగితం మీద రాసిపెట్టుకోండి. మూత మీద అచ్చేసిన పేరు కంటే ఇవే నమ్మకమైనవి, ఎందుకంటే ఒకే పేరుతో లోపల వేరే చిప్ ఉన్న మోడళ్లు ఉంటాయి. తర్వాత పనంతా ఈ రెండు నంబర్ల మీదే నడిచింది.

ఇక డ్రైవర్ వేట. ఈ మోడల్‌కి నాకు దొరికింది 32-బిట్ డ్రైవరే. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు, మొత్తం 64-బిట్. మామూలు ప్రోగ్రామైతే 32-బిట్‌ది కూడా 64-బిట్ విండోస్‌లో నడుస్తుంది. డ్రైవర్ అలా కాదు, అది విండోస్ కెర్నల్ (విండోస్‌కి గుండెకాయ లాంటి భాగం) లోపల కూర్చుని పనిచేయాలి, అక్కడ 64-బిట్‌కే చోటు. అందుకే ఇన్‌స్టాలర్ చివరిదాకా వెళ్లినట్టే కనబడుతుంది, పసుపు త్రికోణం మాత్రం పోదు. ‘కంపాటబిలిటీ మోడ్‌లో ఎక్స్‌పీ పెట్టి చూడు’ అని చాలామంది చెబుతారు. ఆ మోడ్ ప్రోగ్రామ్‌ని మాత్రమే నమ్మిస్తుంది, కెర్నల్‌ని మార్చదు. దాని మీద ఒక పూట కూడా ఖర్చు పెట్టకండి.

ఇంకో సలహా కూడా తిరుగుతూ ఉంటుంది: దగ్గరి మోడల్‌ది 64-బిట్ డ్రైవర్ దించుకుని, దాని ఐఎన్‌ఎఫ్ ఫైల్‌లో (డ్రైవర్ ఏ పరికరానిదో చెప్పే ఫైల్) మన పీఐడీ రాసేయమని. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా దాని డిజిటల్ సంతకం చెల్లదు, విండోస్ ఒప్పుకోదు. సంతకం తనిఖీని ఆపి రీస్టార్ట్ చేస్తే ఎక్కించుకోవచ్చు. కానీ ఇదే కంప్యూటర్‌లో బ్యాంకు పని చేసేవాళ్లు అలా కాపలా తీసేయడం నాకు సరైనది అనిపించదు. ‘అన్ని డ్రైవర్లూ మేమే వెతికి పెడతాం’ అనే ఉచిత ప్రోగ్రాముల జోలికి అసలు పోకండి. లేని డ్రైవర్‌ని అవి పుట్టించలేవు, వేరే చెత్త మాత్రం ఎక్కిస్తాయి.

ప్రకాశం బజారు దగ్గర ఒక కంప్యూటర్ షాపులో అడిగితే, చేతిలోకి తీసుకోకుండానే చెప్పేశారు: “అన్నా, ఇది ఇగ నడ్వదే. కొత్తది తీస్కో, ఐదు వేల పైన అయితది.” మంచి మనసుతోనే చెప్పారు. కానీ మంచిగున్న యంత్రాన్ని పారేయమంటే ఆ రాత్రి చాలా బాధనిపించింది.

ఇక్కడ అసలు ప్రశ్న వేరే. స్కానర్ బాగుందా లేదా అనేది విండోస్‌తో సంబంధం లేకుండా ముందు తేలాలి. అది తేలకుండా ఏ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టినా దండగే. దానికి దారి లినక్స్, అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్‌లో స్కానర్లను నడిపే సేన్ అనే వ్యవస్థ ఉంది. అందులో ఒక్కో జాతి చిప్‌కి ఒక్కో బ్యాకెండ్ (డ్రైవర్ లాంటిది) ఉంటుంది. సేన్ వాళ్ల జాబితాలో 04ఏ9, 2220 అని వెతికితే ప్లస్‌టెక్ అనే బ్యాకెండ్ కింద లైడ్ 25 కనబడింది. లైడ్ 20, 30 కూడా దాని కిందికే వస్తాయి. లైడ్ 35, 60, 100, 110 లాంటివి జెనిసిస్ అనే బ్యాకెండ్ కింద ఉంటాయి. ప్రతి మోడల్ పక్కన కంప్లీట్, గుడ్, బేసిక్, మినిమల్, అన్‌సపోర్టెడ్ అని ఎంతవరకు పనిచేస్తుందో రాసి ఉంటుంది. అన్‌సపోర్టెడ్ అని ఉంటే ఈ దారి మూసుకున్నట్టే.

16 జీబీ పెన్‌డ్రైవ్ 350 రూపాయలు. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఫైల్ దాదాపు 3 జీబీ, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దిగింది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి. కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఎంఎస్‌ఐ బోర్డుకి ఎఫ్11. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే మింట్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది. డెస్క్‌టాప్ మీద ‘ఇన్‌స్టాల్’ అనే గుర్తు కనబడుతుంది, దాన్ని ముట్టకండి. ముట్టనంతసేపూ కంప్యూటర్‌లోని విండోస్‌కి ఏమీ కాదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కొత్త కంప్యూటర్లలో డిస్క్ తనంతట తానే బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండొచ్చు. బయాస్‌లో (విండోస్ లేవకముందే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మారిస్తే తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. పని మొదలుపెట్టే ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి ఆ కీ రాసి పెట్టుకోండి. బూట్ మెనూ మీట నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోవడానికి బయాస్‌లో ఏదీ మార్చాల్సిన పని లేదు.

లినక్స్‌లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఖాళీ ఇవ్వకుండా ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టితే, తగిలించిన పరికరాలన్నీ వరసగా వచ్చాయి. అందులో 04ఏ9:2220, పక్కనే కానోస్కాన్ లైడ్ 25 అని పేరు. మెనూలో డాక్యుమెంట్ స్కానర్ అనే ప్రోగ్రామ్ ముందే ఉంది. డ్రైవర్ లేదు, సీడీ లేదు. స్కాన్ నొక్కితే లోపల లైటు వెలిగింది, సెన్సర్ పట్టీ రెండంగుళాలు కదిలి, కీచుమని ఆగిపోయింది.

ఇక్కడే చాలామంది ‘పోయింది’ అని మూట కట్టేస్తారు. మూడు చూడాలి. మొదటిది, స్కానర్‌ను తిరగేస్తే అడుగున చిన్న లాక్ మీట ఉంటుంది. రవాణాలో సెన్సర్ కదలకుండా ఉండటానికి పెట్టింది. తాళం తీసి ఉన్న బొమ్మ వైపు జరిపి ఉండాలి. పట్టీ అస్సలు కదలకుండా గర్రుమంటే దీన్నే చూడాలి. ఇక్కడ అది తీసే ఉంది.

రెండోది కరెంటు. ఈ స్కానర్‌కి వేరే అడాప్టర్ లేదు. లైటుకి, మోటారుకి కావలసినదంతా యూఎస్‌బీ తీగలోంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, అంతే. సీపీయూ ముందున్న పోర్టు లోపల సన్నటి తీగతో మదర్‌బోర్డుకి కలుస్తుంది, దానికి పాత పొడవాటి కేబుల్ తోడైతే మోటారు తిరిగే క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. పట్టీ మధ్యలో ఆగడానికి కారణం అది. సీపీయూ వెనక, మదర్‌బోర్డుకే అతికి ఉన్న పోర్టులో పెట్టి, ప్రింటర్‌కి వాడే చతురస్రపు మూతి కేబుల్ కొత్తది మీటరున్నర పొడవుది, 120 రూపాయలకు తెచ్చి పెడితే పట్టీ పేజీ చివరిదాకా వెళ్లింది.

మూడోది పోర్టు తరం. వెనక ఉన్న నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెడితే ఒకసారి పట్టుకునేది, ఒకసారి జారిపోయేది. పాత స్కానర్లలో కొన్నింటికి యూఎస్‌బీ 3 కంట్రోలర్‌తో పొసగదు. నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టు ఉంటే అందులో పెట్టండి. చాలా కొత్త లాప్‌టాప్‌లలో అది ఉండదు, అలాంటప్పుడు మధ్యలో ఒక యూఎస్‌బీ 2 హబ్ పెట్టాలి, హబ్ మీద స్కానర్ ఒక్కటే ఉండాలి. 280 రూపాయలకు తెచ్చిన హబ్‌తో జారిపోవడం ఆగింది. నీలం పోర్టులో పెడితే వేగం పెరుగుతుందని ఆశపడొద్దు, వేగం స్కానర్‌దే.

ఫిబ్రవరి 22 రాత్రి మొదటి పూర్తి పేజీ తెర మీదికి వచ్చింది. పాత పహాణీ నకలు, పట్వారీ చేతిరాతతో సహా, అంచు నుంచి అంచు దాకా. ఎంత సంతోషమైందో చెప్పలేను. యంత్రం ముసలిదైపోయిందని అందరూ అన్నారు. దానికి లోపం లేదని అప్పుడు తేలింది. పెన్‌డ్రైవ్ మీద నడిచే లినక్స్‌లో దాచుకున్నవి కంప్యూటర్ ఆపగానే పోతాయి కాబట్టి స్కాన్లను ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి.

అప్పుడప్పుడు స్కాన్ చేసేవాళ్లకు ఇంతవరకు చాలు. నెలకోసారి పెన్‌డ్రైవ్‌తో లేపి, పని చేసుకుని, ఆపేయొచ్చు. వారానికి నాలుగు రోజులు స్కాన్ చేసే ఇంట్లో ప్రతిసారీ రీస్టార్ట్ అంటే కష్టం. విండోస్ నడుస్తూ ఉండగానే జరగాలంటే రెండు దారులు.

ఒకటి వ్యూస్కాన్. హామ్రిక్ సాఫ్ట్‌వేర్ వాళ్లది, 1998 నుంచి ఉంది. స్కానర్ కంపెనీ డ్రైవర్ మీద ఆధారపడకుండా వేల మోడళ్లకు వాళ్లే సొంతంగా డ్రైవర్లు రాశారు. లైడ్ 25 అందులో ఉంది. ఉచితంగా దించుకుని చూడొచ్చు, కాకపోతే ఉచితదానిలో పేజీ మీద గుర్తులు అచ్చవుతాయి. ఆ గుర్తుల వెనక పేజీ శుభ్రంగా వచ్చిందంటే మీ స్కానర్‌తో పనిచేసినట్టే, అప్పుడు డబ్బు కట్టడం గురించి ఆలోచించండి. ఇక్కడ పావుగంటలో పనిచేసింది. ఒక విషయం తెలిసి ఉండాలి: స్కానర్ వ్యూస్కాన్‌లో మాత్రమే కనబడుతుంది. విండోస్ ఫ్యాక్స్ అండ్ స్కాన్‌లో గానీ, ఫొటోషాప్ ఇంపోర్ట్‌లో గానీ కనబడదు. టెర్మినల్ అంటే భయపడేవాళ్లకు, షాపు నడిపేవాళ్లకు నేను ఇదే చెబుతాను. నెగెటివ్‌లు, ఫొటోలు స్కాన్ చేసేవాళ్లకైతే కట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది.

రెండోది, చివరికి ఇక్కడ స్థిరపడినది, వర్చువల్‌బాక్స్. విండోస్ 11లోనే ఒక కిటికీలో లినక్స్ మింట్ నడుస్తుంది, స్కానర్‌ను ఆ కిటికీకి అప్పగిస్తాం. 32-బిట్ విండోస్ 7 వేసి పాత డ్రైవర్ ఎక్కించొచ్చు కూడా. కానీ దానికి లైసెన్స్ కావాలి, 2020 జనవరితో దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. సేన్‌లో మీ మోడల్ లేనప్పుడే ఆ దారి పట్టండి, పట్టినా లోపలి విండోస్‌కి ఇంటర్నెట్ తీసేసి ఉంచండి.

మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం తీసుకుని 2 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ ఇచ్చాను. మొదట చాలా నెమ్మదిగా నడిచింది. కిటికీ కింది అంచున ఆకుపచ్చ తాబేలు గుర్తు కనబడితే హైపర్-వీ (ఇదే పని చేసే విండోస్ సొంత ఏర్పాటు) అడ్డు వస్తోందని అర్థం. ‘విండోస్ ఫీచర్స్’లో వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్‌కి టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే తాబేలు పోయింది. కొన్ని కంప్యూటర్లలో కోర్ ఐసొలేషన్ అనే విండోస్ భద్రతా ఏర్పాటు వల్ల కూడా ఆ తాబేలు వస్తుంది. దాన్ని తీసేయడం భద్రతకు మంచిది కాదు, అలాంటప్పుడు నెమ్మదిని భరించడమే మేలు. అసలు మొదలే కాకపోతే బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. అది బయాస్ మార్పు కాబట్టి పైన చెప్పిన రికవరీ కీ దగ్గర పెట్టుకుని చేయండి.

సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ కింద 2.0 కంట్రోలర్ ఎంచుకోవాలి. పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే తగిలించిన పరికరాలు కనబడతాయి, అందులో స్కానర్‌ను ఎంచుకుంటే ఫిల్టర్ తయారవుతుంది. అదే 04ఏ9, అదే 2220. ఒకసారి స్కానర్ తీగ పీకి మళ్లీ పెట్టాలి. అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం మాయమై వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ అని వస్తుంది. కానన్ డ్రైవర్ ఉందా లేదా అని ఇక విండోస్ అడగదు, స్కానర్‌ను అలాగే లోపలికి పంపేస్తుంది.

స్కాన్లు విండోస్ ఫోల్డర్‌లోకి రావాలంటే షేర్డ్ ఫోల్డర్ పెట్టాలి, దానికి లోపలి లినక్స్‌లో గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్ వాళ్ల తోడు ప్రోగ్రాములు) ఇన్‌స్టాల్ అయి ఉండాలి. అన్నీ పెట్టాక కూడా ఫోల్డర్ తెరవబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంది. లినక్స్‌లోని మన యూజర్‌ను వీబాక్స్‌ఎస్‌ఎఫ్ అనే గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ రావాలి. ముందు తెలియని ఈ చిన్న విషయం దగ్గర ఒక సాయంత్రం పోయింది. మార్చి 3 నుంచి విండోస్‌లోని ఒకే ఫోల్డర్‌లో పీడీఎఫ్‌లు వచ్చి పడుతున్నాయి. స్కానర్ ముందున్న మూడు బటన్లు మాత్రం పనిచేయవు, అన్నీ తెర మీదే నొక్కాలి. మొత్తం ఖర్చు పెన్‌డ్రైవ్, కేబుల్, హబ్ కలిపి 750 రూపాయలు.

సెట్టింగుల గురించి రెండు మాటలు, ఎందుకంటే స్కానర్ పనిచేశాక కూడా చాలామంది ఇక్కడ ఆగిపోతారు. డాక్యుమెంట్ స్కానర్‌లో టెక్స్ట్, ఇమేజ్ అని రెండు రకాలున్నాయి. టెక్స్ట్ పెడితే పాత కాగితం మీద వెలిసిన సిరా, వేలిముద్ర, గుండ్రటి ముద్ర ఎగిరిపోతాయి. సాదాబైనామాలకు, దస్తావేజులకు ఎప్పుడూ ఇమేజ్, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), రంగులోనే. గోధుమ రంగుకి మారిన కాగితం మీద నీలి సిరా రంగులో విడిగా తెలుస్తుంది, బూడిద రంగులో రెండూ కలిసిపోతాయి. 300 డీపీఐ రంగులో ఏ4 పేజీ అంటే 2480 బై 3508 చుక్కలు, కుదించకముందు సుమారు 26 ఎంబీ. అందుకే పేజీకి అర నిమిషం పైన పడుతుంది. 600 పెడితే డేటా నాలుగు రెట్లు అవుతుంది, చేతిరాత కాగితానికి దానివల్ల ఒరిగేది లేదు. ఆన్‌లైన్ దరఖాస్తుకు కేబీల్లో పరిమితి ఉంటే అసలు ఫైల్‌ని అలాగే ఉంచి, దాని నకలును చిన్నది చేయండి.

స్టాంపు పేపరు ఈ అద్దం మీద పట్టదు. అద్దం 216 బై 297 మిల్లీమీటర్లు, స్టాంపు పేపరు అంతకంటే పొడుగు. పై భాగం ఒకసారి, కింది భాగం ఒకసారి, మధ్యలో నాలుగైదు వరుసలు రెండింట్లోనూ వచ్చేలా తీసి, ఒకే పీడీఎఫ్‌లో రెండు పేజీలుగా ఉంచాను. అతికించడం కంటే ఇదే నయం. కాగితం రెండు సార్లూ అద్దానికి పూర్తిగా ఆనాలి. ఈ రకం సెన్సర్‌కి లోతు తెలియదు, అద్దం నుంచి కాస్త లేచినా అక్షరం మసకబారుతుంది. కుట్టిన రిజిస్టర్ల నడిమి భాగం దీనితో సరిగా రాదు, దానికి ఫోనే మేలు.

పేజీ పొడవునా నిలువు గీత వస్తుంటే అద్దం మీద దుమ్ము ఉన్నట్టు. స్కాన్ మొదలయ్యే ముందు సెన్సర్ ఒక తెల్ల పట్టీని చూసి సరిచూసుకుంటుంది, అక్కడ ఒక్క నలుసు ఉన్నా ఆ వరుస అంతా తప్పు లెక్క పడుతుంది. మెత్తటి గుడ్డను కొంచెం తడిపి పై అంచు నుంచి తుడవండి. అద్దం మీద నేరుగా ఏదీ చల్లొద్దు, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

యూఎస్‌బీ కంటే ముందుతరం స్కానర్ ఉన్నవాళ్లకు ఒక మాట. వెనక 25 పిన్నుల వెడల్పాటి పారలల్ పోర్టు ఉంటే, బజార్లో దొరికే యూఎస్‌బీ నుంచి పారలల్ కేబుల్ కొనకండి. అది ప్రింటర్ల కోసం చేసింది, స్కానర్‌కి కావలసిన రెండువైపుల సంభాషణ అందులో జరగదు. పారలల్ పోర్టు ఉన్న పాత సీపీయూ దొరకడమే దానికి నమ్మకమైన దారి. యూఎస్‌బీ ఉన్నవాటిలోనూ కొన్ని మోడళ్లు ఆన్ అయిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఒక ఫర్మ్‌వేర్ ఫైల్ (స్కానర్ లోపల నడిచే ప్రోగ్రామ్) అడుగుతాయి, సేన్‌లో స్నాప్‌స్కాన్ బ్యాకెండ్ కిందివి చాలావరకు అలాంటివే. ఆ ఫైల్ మామూలుగా స్కానర్‌తో వచ్చిన సీడీలో ఉంటుంది. కాబట్టి డ్రైవర్ పనికిరాదని తేలినా సీడీ పారేయొద్దు, దాన్ని ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.